సమదృష్టి

భగవంతునికి అందరూ సమానులేనని మనం నిత్యం చెప్పుకొంటాము. అయితే ఒక తరగతిలో 40 మంది విద్యార్థులుండగా, మాట సరిగా రాని ఒక్క బిడ్డ వద్ద ఉపాధ్యాయుడు అధికకాలం గడిపినచో అది సమత్వమా, పక్షపాతమా? తమ బిడ్డల చదువును గూర్చి తల్లిదండ్రులు అడిగే ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు.

అహోబిల క్షేత్రం దీనికి సమాధానం చూపుతున్నది. నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా వచ్చే యాత్రికులు దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుని సేవించి, ఎగువకు చేరి, జ్వాలా నరసింహుని సన్నిధికి కొండదారిన నడుస్తారు. నడవలేనివారిని డోలీలో మోసుకొనిపోతారు. "మాకు లేని డోలీ వీరికెందుకు?" అని ఏ భక్తుడూ వాదించడు. సమానం కావలసినది దర్శనం గాని, నడక కాదు.

విద్యయూ అట్టిదే. దానిని చేరే దారి ఒక బిడ్డకు బ్రెయిలీ లిపి, మరొక బిడ్డకు సంజ్ఞాభాష, వేరొకరికి ఒకే పాఠాన్ని పదిమార్లు చెప్పగల ఓర్పు. అయితే డోలీని ఒక్కడే మోయలేడు. ఆ భారమంతా ఒక్క ఉపాధ్యాయునిపై మోపుట న్యాయం కాదు. అందుకే మన రాష్ట్రంలో మండల స్థాయిలో భవిత కేంద్రాలు, ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఏర్పడ్డారు. 40 శాతానికి తగ్గని వైకల్యం గల 6 నుండి 18 ఏండ్ల బాలలకు సమీపంలోని బడిలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్యను 2016 నాటి దివ్యాంగుల చట్టం హక్కుగా ప్రసాదించినది. తోటి విద్యార్థులును ఒక కొమ్ము పట్టవచ్చును. గురువులు లేని వేళ ప్రహ్లాదుడు సహాధ్యాయులకు తానే బోధించలేదా?

చట్టం బడి తలుపు తెరువగలదు. ఇంటి తలుపు మనమే తెరువవలె. "పూర్వజన్మ కర్మ" అని బిడ్డను లోపల దాచుట భక్తి కాదు. ఇతరుల కర్మను లెక్కించే అధికారం మనకు లేదు. శ్రీరామానుజుల శిష్యులైన కూరత్తాళ్వారులు నేత్రాలను కోల్పోయినారని సంప్రదాయం చెబుతున్నది. వైష్ణవలోకం ఆ మహనీయుని జాలితో చూడలేదు, ఆచార్యునిగా సేవించినది.

కనుక భక్తులారా! మీ ఇంట, మీ వీధిలో అట్టి బిడ్డ ఉన్నచో బడికి చేర్చండి; తోడు నడవండి. స్తంభమున వెలసి ఒక్క బాలుని కాచిన స్వామికి అంతకు మించిన కైంకర్యం ఏమున్నది?