బతకలేమని రాయమంటే

జనగామలో నేనుంటాను. మహబూబాబాద్‌లో మా ఆపా ఉంటుంది. దుల్హాభాయ్ ఉద్యోగమంతా భూపాలపల్లి బొగ్గుగనుల్లో గడిచింది. మూడూ మా ఊళ్ళే. ఈ ఊళ్ళలో ముస్లిం ఆడపిల్ల బతకలేదని ఓ ఉత్తరం రాసివ్వమన్నారు నన్ను.

సంగతేమిటంటే, ఆపా కొడుకు అమెరికాలో ఉద్యోగం పోయాక, గడువు దాటి ఏడాదికి పైగా అక్కడే ఉండిపోయాడు. షికాగో పిల్లతో నికా అయింది. ఆమె అక్కడి పౌరురాలు. దుల్హాభాయ్ చావుబతుకుల్లో ఉన్నాడని తెలిసి వచ్చాడు, తండ్రికి మట్టి ఇచ్చాడు. 1996లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, అట్లా ఏడాది ఉండి దేశం దాటినవాడు పదేళ్ళు తిరిగి రాకూడదు. భార్య కోసం వీసా అడిగితే ఇంటర్వ్యూలో కాదన్నారు. మినహాయింపు కోరవచ్చన్నారు.

దానికి భార్య పడే 'తీవ్రమైన కష్టం' రుజువు చెయ్యాలి. మామూలు ఎడబాటు చాలదు. మావాడి కష్టం లెక్కలోకి రాదు. ఆపా ఏడుపు అసలే రాదు, ఆమె ఆ దేశం మనిషి కాదు గదా! భర్త లేకుండా అక్కడ ఉండలేననీ, ఇక్కడికొచ్చి బతకలేననీ రెండూ చూపిస్తే కాగితం గట్టిపడుతుందట. పత్రికలవాణ్ణని ఆ రెండోది వకీలు నాకప్పజెప్పాడు.

మాకు ఇల్లు కిరాయికివ్వని సంగతి, పేరు వినగానే మారే మొహాల సంగతి ఇరవై ఏళ్ళుగా ఉర్దూలోనూ తెలుగులోనూ రాస్తూనే ఉన్నాను. పక్కింటాయన చదవాలని, నాతో తగువేసుకోవాలని రాశాను. ఈ ఊళ్ళో ఉండడానికే రాశాను. ఇప్పుడదే మాట ఆయనకు తెలియకుండా పరాయి ఆఫీసులో చెబితే అది చాడీ అవుతుందా, సాక్ష్యమవుతుందా? 1940లో దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణమిచ్చిన షేక్ బందగీది మా కామారెడ్డిగూడెమే. ఈ నేల మీది కాదన్నవాళ్ళకు నేను చెప్పే పేరు అదే. ఇది మాకు బతికే చోటు కాదని ఏ చేత్తో రాయను?

"నీ ఉసూలు కోసం నా కొడుకు కాపురం పోవాల్నా భాయ్?" అంది ఆపా. జవాబు చెప్పలేకపోయాను.

చివరికి రాశాను. కోడలికి తెలుగు రాదని, ముసలి తల్లిదండ్రులకు అక్కడ ఆమే దిక్కని రాశాను. ముస్లిములమైనందుకు మాకు జరిగినవి జరిగినట్టే రాశాను. బతకలేమని మాత్రం రాయలేదు. బతుకుతున్నాను కాబట్టి.

ఉత్తరంలో బలం లేదన్నాడు వకీలు. జవాబు ఇంకా రాలేదు. కాదంటే, నా నిజాయితీ ఖరీదు కట్టేది నేను కాదు, ఆ ఇద్దరు. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు. అయినా అడుగుతాను: మొగుడూ పెళ్ళాం కలిసుండడానికి ఒకర్నొకరు కోరుకోవడం చాలదా? ఎవరిదో ఒకరి ఊరు నరకమని తేలాలా?