స్టిక్కర్ మీది అంకె

అనగనగా సికింద్రాబాద్‌లో ఒక పాత కంప్యూటర్ సామాన్ల దుకాణం. యజమాని ఊరెళ్తూ పనికుర్రాడికి చెప్పాడు: "గూట్లో ఉన్న డిస్కుల వేగం ఎంతెంతో చూసి స్టిక్కర్లు అంటించు. అన్నిటికన్నా నిదానమైనదాన్ని తుక్కు బుట్టలో పడేయ్."

కుర్రాడు మాన్యువల్స్ తిరగేశాడు. 1983 నాటి ఐబీఎం ఎక్స్‌టీలోంచి ఊడదీసిన ఎస్‌టీ-412కి 5. మొదటి తరం స్కజీ డిస్కుకూ 5. ఐడీఈ డిస్కుకు 133. సాటాకు 1.5. స్టిక్కర్ చిన్నది, అంకె పక్కన యూనిట్ పట్టలేదు. 1.5 కన్నా తక్కువ ఏదీ లేదు కాబట్టి సాటా బుట్టలోకి పోయింది.

షట్టర్ పడగానే గోల మొదలైంది.

"నావి గిగాబిట్లు మహాప్రభో!" అని బుట్టలోంచి సాటా మొత్తుకుంది. "సెకనుకు 150 కోట్ల బిట్లు. 8తో భాగిస్తే 187.5 మెగాబైట్లు. నన్ను తుక్కులో వేస్తారా?"

"లెక్క సగమే వచ్చింది మనవడా," అంది ఎస్‌టీ-412. "నీ తీగ మీద ఎనిమిది బిట్లు పదిగా మారి ప్రయాణిస్తాయి. గడియారానికి నీకు విడిగా తీగ లేదు. బిట్లు మారే తీరును బట్టే అవతలివాడు తాళం పట్టుకోవాలి. వరసగా సున్నాలే వస్తే తాళం తప్పుతాడు. ఆ రెండు బిట్లు అందుకు. పదితో భాగించు."

"150."

"అదీ నీ లెక్క. అప్పటికీ 133 వాడికన్నా పైనే ఉన్నావు, ఏడవకు."

స్కజీ అందుకుంది. "మనిద్దరివీ 5లే కదన్నా, సమానమేగా?"

"ఎక్కడ సమానం తమ్ముడూ? నావి మెగాబిట్లు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నీకు పక్కపక్కన ఎనిమిది డేటా తీగలున్నాయి, ఒక్క విడతకు బైటు మొత్తం పోతుంది. నా 5ని నీ మెగాబైట్లలో చెబితే 0.625." (1,000తోనా 1,024తోనా అన్న తగువు ఇక్కడ రాలేదు. తీగల వేగానికి లెక్క వెయ్యితోనే.)

"నా 133 మాత్రం బైట్లే," అని ఐడీఈ మీసం మెలేసింది.

"బైట్లే. కానీ అది తీగ మోయగలిగినంత. నీ పళ్లెం మీంచి అంత వస్తోందా?" ఐడీఈ నోరెత్తలేదు. "సిగ్గుపడకు, నాదీ అదే కథ. నేను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతాను, అంటే సెకనుకు 60. చుట్టుకు 17 సెక్టార్లు, ఒక్కోదానిలో 512 బైట్లు, మొత్తం 8,704. అరవై చుట్లకు 5,22,240. ఇందాకటి 6,25,000లో మిగతావి సెక్టార్ల మధ్య ఖాళీలకూ, వాటి చిరునామాలకూ ఖర్చయ్యాయి. అక్కడితో అయిపోయిందా? ఎక్స్‌టీ కంట్రోలర్ ఒక సెక్టార్ చదివి సర్దుకునేలోగా పక్క సెక్టార్ హెడ్డు కింద నుంచి దాటిపోయేది. అందుకని వరస సెక్టార్లను ఆరేసి స్థానాల ఎడంలో పరిచారు. ఒక్క ట్రాక్ చదవాలంటే ఆరు చుట్లు. చివరికి సెకనుకు చేతికందేది సుమారు 87,000 బైట్లు. స్టిక్కర్ మీద మాత్రం 5."

"అయితే బుట్టలో ఉండాల్సింది నువ్వే కదా తాతా?" అంది సాటా.

"నేనే," అంది ముసలి డిస్కు. "యజమాని అడిగింది వేగమే అయితే."

నీతి: రెండు అంకెల్ని పోల్చే ముందు రెంటినీ ఒకే కొలతలోకి, ఒకే చోటికి తేవాలి. బిట్టా బైటా, తీగ మీదా పళ్లెం మీదా అని అడగనివాడు మంచి సరుకును తుక్కులో వేస్తాడు.

ఈ నీతి పట్టుకుని అన్నిటినీ పదితో భాగించేస్తే మళ్లీ ఆ కుర్రాడి పనే అవుతుంది. 6 గిగాబిట్ల సాటాకు పది సరిపోతుంది, 600 మెగాబైట్లు వస్తాయి. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 128 బిట్లకు అదనంగా పడేవి రెండే. అక్కడ పదితో భాగిస్తే ఉన్న వేగాన్ని మనమే తగ్గించి చెప్పుకున్నట్టు.