కాయని మొక్కకి నీళ్లెందుకు?



మే నెల. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయింది. రెండు రోజులకోసారి ట్యాంకర్ వస్తోంది. మేడ మీద కుండీల్లో మా ఇంటి కూరలే: బెండ, వంగ, తోటకూర, ఆరు టమాటా మొక్కలు. బెండ కాస్తోంది. టమాటాకి మాత్రం పూత వస్తుంది, రాలిపోతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవడం కష్టం. మాకేమో 42.

"టమాటాలు పీకేద్దాం నానమ్మా, నీళ్లు దండగ" అన్నాను.

మోకాళ్ల నొప్పులతో నానమ్మ మేడ ఎక్కి రెండేళ్లయింది. బియ్యం కడుగుతూ, తల ఎత్తకుండానే, "కాయకపోతే పీకేస్తావా నాన్నా?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఒక్కసారి ఆలోచించండి. పని చేయడం వరకే నీ అధికారం, ఫలం మీద కాదు అని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడని మనందరికీ తెలుసు. కానీ దాన్ని రెండు రకాలుగా తప్పుగా తీసుకుంటాం. ఫలం రాదు కదా, మానేద్దాం అనేది ఒకటి. ఫలంతో పని లేదు కదా, ఎలా చేస్తే ఏంటి అనేది రెండోది.

మొదటిదాన్ని కృష్ణుడు ఆ 47వ శ్లోకంలోనే వద్దన్నాడు. రెండోదానికి జవాబు 50వ శ్లోకంలో ఉంది: పనిలో నేర్పే యోగం.

మా మేడ మీద ఆ నేర్పు అంటే ఇదీ. పొద్దున్న ఏడు లోపే మొదళ్ల దగ్గర నీళ్లు పోయడం. మట్టి మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు పరవడం. పాత చీర కట్టి మధ్యాహ్నం నీడ ఇవ్వడం. ఇంకొకటి, ట్యాంకర్ నీళ్లు ముట్టుకోకపోవడం. పక్క ఫ్లాట్ వాళ్ల వంతు తగ్గించి మొక్కకి పోస్తే అది ధర్మం ఎలా అవుతుంది? అందుకే బియ్యం, కూరలు కడిగిన నీళ్లు నానమ్మ బకెట్‌లో పడుతుంది, నేను పైకి మోస్తాను.

నిజం చెప్పాలంటే రెండు టమాటా మొక్కలు ఎండిపోయాయి. నాలుగు నిలబడ్డాయి. ఇంకా ఒక్క కాయా లేదు. వానలు పడితే కాస్తాయేమో, కాయవేమో.

కానీ బకెట్ కోసం రోజూ వంటింట్లోకి వెళ్తున్నాను కదా, నానమ్మ దగ్గర పావుగంట కూర్చోవడం అలవాటైంది. ఎన్నాళ్లుగా కూర్చోలేదో అప్పుడు తెలిసింది. మనకి కాసి కాసి అలిసిపోయినవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటారు. ఈ సాయంత్రం వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. ఏదో వస్తుందని కాదు, ఊరికే.

శుభం.