బాగుచేయుట యొక్క వంతు

ఎస్ప్రెస్సో కాఫీ ఇటలీలో పుట్టినది. మరుగుటకు కొంచెము తక్కువ వేడిగల నీటిని, సుమారు 9 వాతావరణముల ఒత్తిడితో, మెత్తని కాఫీపొడిగుండ పంపుటయే దాని కిటుకు. ఇండ్లలో వాడు చిన్న యంత్రమునందు ఆ ఒత్తిడి జారిపోకుండ కాయునది ఒక రబ్బరు వలయము; మన కుక్కరు గ్యాస్కెట్టునకు దగ్గరి చుట్టము. వేడికి అది క్రమముగా బిరుసెక్కును. అప్పుడు పిడి అంచునుండి నీరు కారును, కాఫీ పలుచనగును, యజమానుడు యంత్రమే చెడినదనును. పాత వలయమును ఊడబెరికి, గాడిలోని మడ్డిని తుడిచి, క్రొత్తదానిని సమముగా అదిమినయెడల పని తీరును.

క్రొత్త యంత్రము కొనగల స్తోమతు గలవాడు ఈ శ్రమ ఎందుకు పడవలెను? సొమ్ము తనదే కదా! అయితే ఆ లోహమును అతడు పుట్టింపలేదు, గృహనిర్వాహకునిగా పుచ్చుకొనెను.

యోవాషు పెట్టె సంగతి (రెండవ రాజులు 12) కానుకల ప్రసంగములకే తరచుగా వాడబడుచున్నది. అచ్చటనే మరియొక సంగతి కలదు: మందిరపు శిథిలములను బాగుచేయు ఆ సొమ్ముతో వెండి పాత్రలు చేయింపబడలేదు. పని ముగిసిన పిమ్మట మిగిలినదానితోనే పాత్రలు చేయించిరని దినవృత్తాంతముల రెండవ గ్రంథము తెలుపుచున్నది. క్రొత్తది పాపమని కాదు, శిథిలమైనదాని వంతు ముందు.

భారమంతయు కొనువానిమీదనే మోపుట మాత్రము అన్యాయము. విప్ప వీలులేకుండ పెట్టెను అతికించి, విడిభాగములు అమ్మని తయారీదారుడు, వస్తువును అమ్మియు దాని ఆయుష్షును తన గుప్పిటనే ఉంచుకొనుచున్నాడు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టము కొన్ని ఉపకరణములను బాగుచేయుట తయారీదారుల విధి యని నిర్ణయించెను. ఆ పట్టికలో బట్టలుతుకు యంత్రమున్నది. కాఫీ యంత్రము లేదు.