బియ్యం ఇంట ఉంటే సోమరితనమా?



ఎర్రుపాలెం పరిసరాల్లో పత్తితీతలు, మిరపకోతలు మొదలయ్యాయంటే చాలు, ఒక మాట వినబడుతుంది: "చౌక బియ్యం వచ్చాక కూలీలు పనికి రావడం లేదు. ప్రభుత్వమే వారిని సోమరులను చేసింది." ఈ మాటలో న్యాయమెంత? కోపం పక్కనబెట్టి ఆలోచిద్దాం.

కిలో రెండు రూపాయల బియ్యం 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వంలో మొదలైంది. 1996లో ధర మూడున్నరకు పెరిగింది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి కాలంలో మళ్ళీ రెండుకు దిగింది. 2013లో పార్లమెంటు ఆహార భద్రతను చట్టం చేసింది. పార్టీలు మారినా పథకం పోలేదు. ఎందుకు?

బేరానికి ఇద్దరు కూర్చుంటారు. గాదె నిండినవాడు రేపటిదాకా ఆగగలడు. పొయ్యి వెలగనివాడు ఆగలేడు. ఆగలేనివాడు అనే "సరే"ను సమ్మతి అనవచ్చునా? 1891లో 13వ లియో పోపు గారు తమ విశ్వలేఖలో దీనికి జవాబిచ్చారు. గతిలేక ఒప్పుకున్న చాలీచాలని కూలి, ఒప్పందమైనంత మాత్రాన న్యాయం కాదన్నారు. కనుక ప్రభుత్వం సంతను మూసివేయనక్కరలేదు. బలహీనుడు కూడా నిలబడి బేరమాడేందుకు కాళ్ళకింద కొంత నేల చూపాలి. భద్రాచలం మన్యంలో చింతపండు, జిగురు తెచ్చే గిరిజనునికి షావుకారే దిక్కు కాకూడదని, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చేసినదీ ఇదే.

ఇంట్లో బియ్యం ఉన్న కూలితల్లి "ఈ కూలికి రాను" అంటే అది సోమరితనం కాదు, బేరం.

మరి రైతు కష్టమో? అదీ నిజమే. పత్తికి ధర లేనప్పుడు కూలి ఎక్కడినుండి పెంచుతాడు? అయితే దానికి మందు కూలి ఇంటి కుండలో లేదు, మద్దతు ధరలో ఉంది. మద్దతు ధర అడిగే రైతు, చౌక బియ్యం అందుకునే కూలి ఒకే మాట అంటున్నారు: "నా అవసరం చూసి నన్ను తక్కువకు కొనకండి." తనకు న్యాయమన్నది పక్కవానికి సోమరితనం ఎలా అవుతుంది?

ఒక హద్దు మాత్రం ఉంది. చిన్న సమాజం చేయగల పనిని పెద్దది లాక్కోరాదని 1931లో 11వ పయస్ పోపు గారు బోధించారు. మంచాన పడ్డ పొరుగువాణ్ణి పలకరించడం రేషను డీలరు పని కాదు, మన పని. అలాగే కలిగినవారు పేదల కార్డు ఉంచుకోవడం, అందిన బియ్యాన్ని దళారికి అమ్మడం మరొకరి కంచం లాగడమే.

ఈ పత్తికాలంలో కూలి మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి స్థానంలో ఒక్క క్షణం నిలబడి చూడండి. ఆ "సరే" మీరైతే అంటారా?