ఏ జీవి మాంసమో చెప్పి తీరాలి

2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ, ఆవు మాంసపు బర్గర్లుగా అమ్ముడవుతున్న 27 రకాల సరుకును పరీక్షించి ఫలితాలు వెల్లడించింది. పదింటిలో గుర్రపు డీఎన్ఏ, 23 రకాల్లో పంది డీఎన్ఏ బయటపడ్డాయి. ఒకదానిలోనైతే ఆవు మాంసంతో పోలిస్తే గుర్రపు మాంసం 29 శాతం దాకా ఉంది. వీటివల్ల ఆరోగ్యానికి ముప్పు లేదని ఆ సంస్థే చెప్పింది. అయినా జనం ఊరుకోలేదు. దుకాణాలు లక్షల కొద్దీ బర్గర్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. విషమే లేనప్పుడు జరిగిన అపకారం ఏమిటి? తన ఒంట్లోకి ఏది వెళ్లాలో తానే తేల్చుకునే అధికారాన్ని, తినేవారికి తెలియకుండానే అమ్మేవారు లాగేసుకున్నారు. మాంసం మీద జీవి పేరు రాయాలన్న చట్టానికి గట్టి పునాది ఈ అధికారమేనని నా వాదన.

ముస్లింలకు, యూదులకు పంది నిషిద్ధం. హిందువుల్లో చాలామంది ఆవు మాంసం ముట్టరు. మేకనూ కోడినీ తినేవారిలోనే కొందరు మొక్కు వల్లనో, వంశాచారం వల్లనో మరో జీవిని మానేస్తారు. ఈ నియమాలన్నీ ఫలానా జీవిని ఉద్దేశించి పెట్టుకున్నవి. మన ప్యాకెట్ల మీది గుర్తులు మాత్రం ఆహారాన్ని ఆకుపచ్చ, గోధుమరంగు అని రెండే పాయలుగా చీలుస్తాయి. శాకాహారికి అది చాలు. మాంసం తినేవారికీ నియమాలుంటాయన్న సంగతి అందులో మరుగున పడింది. 2011 నాటి లేబులింగ్ నిబంధనలే చూడండి. పంది కొవ్వు, ఆవు కొవ్వు వాడితే పేరు పెట్టి రాయాలన్నాయి. జెలటిన్ విషయంలో మాత్రం జంతువు నుంచి వచ్చిందంటే సరిపోతుందన్నాయి. జెలటిన్‌ను పంది చర్మం నుంచి తీస్తారు, పశువుల ఎముకల నుంచి తీస్తారు, చేపల నుంచీ తీస్తారు. కొవ్వు దగ్గర మన్నించిన నమ్మకాన్ని చర్మం, ఎముకల దగ్గర పక్కన పెట్టడానికి న్యాయమైన కారణం కనిపించదు. ఏం తింటున్నామో తెలుసుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందనీ, పదార్థాల కోడ్ సంఖ్యలు వేసి ఊరుకోక అవి మొక్కల నుంచి వచ్చాయో జంతువుల నుంచి వచ్చాయో చెప్పాలనీ 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. అదే తర్కాన్ని మరొక్క అడుగు ముందుకు నడిపిస్తే జీవి పేరు దగ్గరికే చేరతాం.

తెలియక తింటే దోషం అంటదు కదా, ఇంత పట్టింపు దేనికని అడిగేవారున్నారు. తెలియక చేసిన తప్పును మన్నించే ఉదారత చాలా సంప్రదాయాల్లో ఉన్న మాట నిజం. అయితే ఆ మన్నింపు తిన్నవారికే గాని, దాచిపెట్టి అమ్మినవారికి వర్తించదు. పైగా తెలుసుకోవడాన్నే ధర్మంగా విధించిన సంప్రదాయాలూ ఉన్నాయి. బౌద్ధుల వినయపిటకంలోని మహావగ్గం భిక్షువులకు పది రకాల మాంసాలను నిషేధించింది. ఏనుగు, గుర్రం, కుక్క, పాము వాటిలో ఉన్నాయి. ఏ మాంసమో విచారించకుండా తినడాన్నే దోషమన్నది. ఆనాటి భిక్షువు విచారించడానికి ఎదురుగా దాత ఉండేవాడు. నేటి కొనుగోలుదారు చేతిలో ఉన్నది కైమా కొట్టి, మసాలా పట్టించి, సీలు వేసిన ప్యాకెట్. అతని ప్రశ్నకు లేబుల్ తప్ప జవాబు చెప్పే దిక్కు లేదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. పేర్లు రాయించడం మొదలుపెడితే అది మనుషులను వేరుచేసే ఆయుధమవుతుందన్న భయం అది. ఆ భయం ఊహ నుంచి పుట్టింది కాదు. 2024 జూలైలో శివభక్తుల కావడి యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు ప్రదర్శించాలని ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అధికారులు ఆదేశించారు. సుప్రీంకోర్టు జూలై 22న ఆ ఆదేశాలను తాత్కాలికంగా నిలిపివేసింది. ఎలాంటి ఆహారం పెడుతున్నారో చెప్పమనవచ్చుగాని, యజమానులూ పనివారూ తమ పేర్లు బయటపెట్టాలని బలవంతం చేయరాదని చెప్పింది. కోర్టు గీసిన ఈ గీతే మనకు దారి చూపుతుంది. నా నియమం నా పళ్లెంలోని పదార్థానికి సంబంధించింది. వండినవారి పుట్టుకను ఆరా తీసే హక్కు దాని నుంచి నాకు రాదు. జీవి పేరు అడిగే సూత్రమే మనిషి పేరు అడగడాన్ని నిషేధిస్తుంది, ఎందుకంటే రెండు చోట్లా అది కాపాడేది మనిషి స్వేచ్ఛనే.

కైమాలో ఏం కలిసిందో తేల్చడం సాధ్యమా అన్న సందేహానికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏలోని ఒక జన్యువును పరీక్షించి, చిన్న మాంసపు ముక్కను బట్టి అది ఏ జీవిదో చెప్పే పద్ధతిని సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు రూపొందించారు. కళ్లెదుటే కోసి తూచి ఇచ్చే చిన్న దుకాణదారుపై కొత్త భారం మోపనక్కరలేదు. ప్యాకెట్లలో సరుకు నింపి అమ్మే పెద్ద సంస్థలకు ఈ పరీక్ష మోయలేని ఖర్చేమీ కాదు. కాబట్టి గోధుమరంగు గుర్తు పక్కన జీవి పేరు ఉండాలి. జెలటిన్‌కూ, జంతువుల నుంచి తీసి రుచి కోసం కలిపే పదార్థాలకూ అదే నియమం వర్తించాలి. ఆ పేరు చదువుకుని తినాలో మానాలో తేల్చుకోవడం తినేవారి వంతు. ఆ నిర్ణయంలో ప్రభుత్వమూ, పొరుగువారూ జోక్యం చేసుకోకూడదు.