24 గంటల స్వేచ్ఛ

2002లో సిడ్నీలో కలిసి చదువుకున్న ఇద్దరు మిత్రులు అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. కొన్నేళ్లకు అక్కడ ఓ ఆనవాయితీ మొదలైంది. రోజువారీ పని పక్కనపెట్టి, 24 గంటలపాటు ఎవరికి నచ్చింది వాళ్లు తయారుచేసుకోవచ్చు. ఒక్కటే షరతు: గడువు తీరగానే చేసింది అందరి ముందూ చూపించాలి.

నాకు ఆ స్వేచ్ఛకన్నా ఈ షరతే గొప్పగా తోస్తుంది. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి సగమే పనిచేసే ప్రోగ్రామును చూపిస్తుంటే పెద్దవాళ్లు ఓపిగ్గా వినాలి. ఆ ప్రోగ్రాము కుదరకపోయినా ఆ అమ్మాయి జీతానికీ పరువుకూ ఢోకా ఉండకూడదు. ఆ భరోసా లేనిచోట రంగురంగుల గోడలు, క్యారమ్ బల్లలు ఎన్ని పెట్టినా ఎవరూ నోరు విప్పరు. ఆఫీసుకు బయల్దేరుతున్న టీమ్ లీడర్లూ, ఇవాళ్టి మీటింగులో అందరికన్నా చిన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వండి.